గుడిమల్కాపూర్‌లో ‘బేస్’ పంచాయితీ

వేలు పోసి కొన్న వూఫర్ మూగబోతే తిట్లు తినేది బాక్సు, మారేది ఆంప్లిఫయర్, లాభపడేది దుకాణం. అసలు తప్పు మాత్రం చాలాసార్లు డిక్కీ మ్యాటు కింద, రంగు వేసిన రేకు మీద బిగించిన ఒక్క స్క్రూ దగ్గర ఉంటుంది.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బేరాలు తెల్లారకముందే మొదలవుతాయి. ఎండ ముదిరేసరికి చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి బంతి, చామంతి మూటలు తెచ్చిన బండ్లు ఖాళీ అయిపోతాయి. ఊరికి మళ్లే ముందు కుర్ర డ్రైవర్లకు కాస్త తీరిక దొరుకుతుంది. చాయ్ తాగాక వాళ్లలో కొందరి చూపు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వైపు తిరుగుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైచిలుకు సాగే ఈ వంతెన 2009లో వచ్చింది. అప్పటి నుంచి ఈ దారిలో చిరునామా అంటే పిల్లర్ నంబరే. ఆ పిల్లర్ల పక్కన సీటు కవర్లు, మ్యాట్లు, ఫాగ్ లైట్లు, టచ్ స్క్రీన్ల మధ్య పాటల ‘సెట్టు’ కూడా బిగిస్తారు. బిగించింది పనిచేయకపోతే పంచాయితీ కూడా అక్కడే.

అలా వచ్చిన ఒక పాత స్విఫ్ట్ వెనక సీటుకి ఇంకా చామంతి రేకులు అంటుకునే ఉన్నాయి. డిక్కీ నిండా పన్నెండు అంగుళాల వూఫర్ ఉన్న డబ్బా. పక్కన ఆంప్. దాని మీద ‘4000 వాట్స్’ అని దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలు.

“ఉస్తాద్, చిన్నగ పెడ్తే మంచిగనే పాడ్తది. సౌండ్ పెంచి బేస్ గట్టిగ కొట్టంగనే హెడ్‌లైట్లు డిమ్మైతయి, ఆంప్ ఆగిపోతది. జరసేపాగి మల్ల వస్తది. వూఫర్ మార్చిన, ఆంప్ మార్చిన. ఇప్పుడేమో బ్యాటరీ మార్చుమంటున్నరు.”

ఉస్తాద్ యాభై దాటిన కార్ ఎలక్ట్రీషియన్. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న బ్యాటరీ గురించి కాదు. “ఎర్త్ యాడ గొట్టిన్రు తమ్మీ?”

కుర్రాడికి తెలియదు. నిజానికి కారు యజమానుల్లో ఎవరినడిగినా ఇదే జవాబు. వూఫర్ ఏ కంపెనీదో చెబుతారు, ఎన్ని అంగుళాలో చెబుతారు, ఎంతకు కొన్నారో రెండు వేలు తగ్గించి ఇంట్లోనూ రెండు వేలు పెంచి స్నేహితులకూ చెబుతారు. ఎర్త్ తీగ ఎక్కడ తగిలించారో ఎవరికీ పట్టదు.

తిరుగుదారి

బ్యాటరీ ప్లస్ నుంచి లావుపాటి ఎర్ర తీగ వేసి డిక్కీలో ఆంప్ దాకా లాక్కొస్తారు. ఇది అందరికీ కనిపించే సగం. ఆంప్‌లోకి వెళ్లిన కరెంటు మళ్లీ బ్యాటరీ మైనస్‌కు చేరాలి. కారులో ఆ తిరుగుదారి ఇనుప బాడీయే. అందుకే ఆంప్ దగ్గర ఒక జానెడు నల్ల తీగ తీసి బాడీకి బిగిస్తారు. ఎర్త్ అంటే ఇదే. ఎర్ర తీగలో ఎంత కరెంటు పోతుందో ఈ జానెడు తీగలోనూ, దాని చివరున్న బోల్టు కిందా అంతే పోతుంది. ఒక్క ఆంపియర్ కూడా తగ్గదు. కానీ ఎర్ర తీగకు పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి పెట్టరు. కారు రేకు మీద ప్రైమర్, రంగు, లక్క పొరలుంటాయి. వాటి మీదే స్క్రూ దింపేస్తారు. స్క్రూ మరలు మాత్రం ఇనుమును తాకుతాయి. తీగ చివరి రింగు రంగు మీదే కూర్చుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ జాయింటు దగ్గర అడ్డంకి ఒక ఓంలో పదో వంతు ఉందనుకుందాం. ఇంట్లో బల్బుకైతే అది లెక్కలోకి రాదు. ఇక్కడ ఆంప్ నలభై ఆంపియర్లు గుంజితే ఆ పదో వంతు ఓం దగ్గరే నాలుగు వోల్టులు మాయమవుతాయి. పద్నాలుగు వోల్టులు రావాల్సిన చోట పది మిగులుతాయి. వోల్టేజీ పదికి అటూ ఇటూ పడితే చాలా ఆంప్‌లు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. బేస్ దెబ్బ ఆగగానే కరెంటు లాగడం తగ్గుతుంది, వోల్టేజీ లేస్తుంది, ఆంప్ మళ్లీ బతుకుతుంది. కుర్రాడు చెప్పిన ‘జరసేపాగి మల్ల వస్తది’ ఇదే.

మీటరుతో బీప్ కొట్టించి చూశాం, ఎర్త్ బాగానే ఉందని ముందు దుకాణంలో చెప్పారట. ఈ బీప్ చాలామందిని మోసం చేస్తుంది. మల్టీమీటరు బీప్ పరీక్షలో పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. పది ఇరవై ఓంల అడ్డంకి ఉన్నా చాలా మీటర్లు హాయిగా కూస్తాయి. మన గొడవ ఓంలో పదో వంతుతో. తెగిన తీగను బీప్ పట్టిస్తుంది కానీ నీరసించిన జాయింటును పట్టించదు. దానికి పాట మోగుతుండగానే, కరెంటు పారుతుండగానే చూడాలి.

ఉస్తాద్ అదే చేశాడు. ఇంజిన్ ఆన్ చేయించి, ఫోన్‌లో యాభై హెర్ట్జ్ టోన్ పెట్టించి, ముందు బ్యాటరీ మీద చూశాడు: 13.4 వోల్టులు. డిక్కీలో ఆంప్ టెర్మినళ్ల మీద: 10.1. దారిలో 3.3 వోల్టులు ఎవరో తినేశారు. ఒక పొడవాటి తీగతో మీటరు నల్ల కొసను బ్యాటరీ మైనస్‌కు తగిలించి, ఎర్ర కొసను ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కు ఆనించాడు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టు దాకా ఉందంటేనే పని బాలేదని అర్థం. మీటరు 2.3 చూపించింది. మిగిలిన ఒక వోల్టు ఎర్ర తీగ వాటా.

మ్యాటు ఎత్తితే స్టెప్నీ గుంట అంచున, రంగు మీద, ఒక సన్నటి సెల్ఫ్ స్క్రూ. దాని కింద తీగ పోచలను మెలిపెట్టి చుట్టారంతే. “దేఖో” అన్నాడు ఉస్తాద్, ఇక మాటలు అవసరం లేదన్నట్టు. స్క్రూ తీసి, పక్కనే కంపెనీ వేసిన గట్టి బోల్టు చూసుకుని, దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎమెరీ కాగితంతో గీకాడు. తెల్లని ఇనుము తేలింది. తీగకు రాగి లగ్ వేసి క్రింప్ చేసి, ముళ్ల వాషరుతో బిగించి, గీకిన చోట తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాడు. మళ్లీ టోన్. 0.1 వోల్టు. హెడ్‌లైట్లు కొద్దిగా వణికాయి తప్ప ఆంప్ ఆగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఎర్త్ కోసం వెనక సీటు కింద నేలకు స్క్రూ దింపే అలవాటు కొందరికి ఉంది. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు ఆ రేకు కిందే ఉంటుంది. బ్రేకు గొట్టాలూ ఆ దారినే పోతాయి. సీఎన్‌జీ బండ్లకైతే డిక్కీలోనే సిలిండరు. కిందకు దూరి చూడకుండా డ్రిల్లు పట్టుకునేవాడి చేతికి కారు ఇవ్వకండి. సీటు బెల్టు బోల్టు బలంగా ఉంది కదా అని దాని కింద లగ్ దూర్చడం కూడా తప్పే. ఆ బోల్టు ఉన్నది మనిషిని ఆపడానికి.

వాట్ల మాయ

ఎర్ర తీగ తినేసిన ఆ ఒక్క వోల్టు సంగతి చూద్దాం. దాని వెనక ఉన్నది ‘4000 వాట్స్’ అనే అబద్ధం.

ఆంప్ మీద అచ్చేసిన అంకె కంటే దాని పక్కన గుచ్చిన ఫ్యూజులు నిజం చెబుతాయి. ఈ ఆంప్‌కు 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండు. అంటే అది లాగగలిగింది 60 ఆంపియర్లు. 13.8 వోల్టులతో గుణిస్తే లోపలికి వచ్చేది 828 వాట్లు. క్లాస్ డి ఆంప్ అయితే అందులో ఎనభై శాతం దాకా శబ్దానికి ఇస్తుంది, మిగతాది వేడి. మహా అయితే ఆరేడు వందల వాట్లు. నిజంగా నాలుగు వేల వాట్లు రావాలంటే మూడు వందల అరవై ఆంపియర్లు కావాలి. చిన్న కారు ఆల్టర్నేటర్ మొత్తం తయారు చేసేదే సాధారణంగా వంద లోపు. అందులోంచే లైట్లు, ఏసీ ఫ్యాను, ఇంజిన్ కంప్యూటరు బతకాలి. నాలుగు వేల అంకె క్షణంలో వెయ్యో వంతు పాటు, ప్రయోగశాలలో కూడా అనుమానంగా వచ్చే శిఖరం. కొనేటప్పుడు చూడాల్సింది ఆగకుండా ఇవ్వగలిగిన వాట్లు, అంటే ఆర్‌ఎంఎస్. అది రాయని ఆంప్‌ను అక్కడే వదిలేసి రావడం మేలు.

అంకెలు పెద్దవైనా దుకాణాల్లో తీగ మాత్రం సన్నబడుతుంది. ‘కిట్’ పేరుతో అమ్మే చాలా తీగలు చూడటానికి బొటనవేలంత లావుంటాయి. పైన ప్లాస్టిక్ ఎక్కువ, లోపల లోహం తక్కువ. ఆ లోహం కూడా చాలాసార్లు రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. దాని వాహకత రాగిలో అరవై, అరవై అయిదు శాతం మధ్య ఉంటుంది. కత్తితో ఒక పోచను గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, పరీక్ష అంతే. నలభై అయిదు ఆంపియర్లు అయిదు మీటర్లు ప్రయాణిస్తే 4 గేజ్ అసలు రాగిలో పోయేది సుమారు 0.2 వోల్టు. 8 గేజ్ పూత తీగలో 0.7 వోల్టు పైనే. ఇంటి వైరింగ్‌లో ప్లగ్గులకు వాడే రెండున్నర స్క్వేర్ తీగ వేస్తే ఒకటిన్నర వోల్టు పోవడమే కాదు, తీగ కాలుతుంది. అలా వేసిన కార్లు ఉస్తాద్ దగ్గరికి వస్తూనే ఉంటాయట. పెళ్లికి ఊరంతటినీ పిలిచి ఒక్క చెంబుతో నీళ్లు పోసినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఎర్ర తీగలో ఇంకోటి చూడాలి, ఇది బేస్ సంగతి కాదు, ప్రాణం సంగతి. బ్యాటరీ నుంచి అడుగున్నర లోపు ఫ్యూజు ఉండాలి. చాలామంది ఆంప్‌కు ఫ్యూజులున్నాయి కదా అంటారు. ఆంప్ ఫ్యూజు ఆంప్‌ను కాపాడుతుంది. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఆ అయిదు మీటర్ల తీగను కాపాడుతుంది. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులోంచి తీగ దూరే చోట రబ్బరు గ్రోమెట్ లేకపోతే, గుంతల రోడ్లలో ఒరుసుకుని ఒరుసుకుని ఏదో ఒక రోజు తోలు చిరుగుతుంది. ఫ్యూజు లేని తీగ బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా దింపేస్తుంది. తర్వాత జరిగేది మంటే. ఈ స్విఫ్ట్‌లో ఫ్యూజు ఉంది, కానీ ఎక్కడ? డాష్‌బోర్డు కింద, గ్రోమెట్ దాటాక. కాపాడాల్సిన చోటు దాటాక పెట్టిన కాపలా. ఉస్తాద్ దాన్ని బ్యాటరీ పక్కకు మార్చాడు. తీగ మార్చడానికి కుర్రాడు మరో రోజు వస్తానన్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో అసలు రాగిదే చూసుకుని తెమ్మని ఉస్తాద్ చెప్పాడు.

పొద్దున్నే స్టార్ట్ కాని బండి

పూల మార్కెట్‌కు వచ్చేవాళ్లకు ఎక్కువ నష్టం చేసే లోపం వేరే ఉంది. తెల్లవారుజామున మూడింటికి సెల్ఫ్ కొడితే ‘టక్’మంటుంది, ఇంజిన్ తిరగదు. నిందంతా బ్యాటరీ మీద పడుతుంది.

ఆంప్‌ను లేపడానికి, పడుకోబెట్టడానికి ఒక సన్నటి తీగ ఉంటుంది, సాధారణంగా నీలం రంగుది. దాన్ని రిమోట్ అంటారు. డాష్‌బోర్డులో పాట పెట్టే డెక్ ఆన్ అయితే ఆ తీగలో పన్నెండు వోల్టులు వస్తాయి, ఆంప్ లేస్తుంది. కొత్త కార్లలో కంపెనీ స్క్రీనుకు ఆ తీగ ఉండదు. ఫిట్టరు వెతికే ఓపిక లేక రిమోట్‌ను నేరుగా ప్లస్‌కు కలిపేస్తాడు. పాట వస్తుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. ఆంప్ మాత్రం ఇక నిద్రపోదు. ఖాళీగా ఉన్నా ఒక ఆంపియరు దాకా తాగుతూనే ఉంటుంది. చిన్న కార్లలో బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. శనివారం సాయంత్రం ఆపిన బండి సోమవారం తెల్లారుజామున లేవకపోవడంలో వింతేముంది? తాళం తీశాక ఆంప్ మీద చిన్న లైటు వెలుగుతోందా చూడండి. ఆ లైటు ఆరకపోతే బ్యాటరీ కొనాల్సిన పని లేదు, నీలం తీగను ఫ్యూజు బాక్సులో తాళంతో పాటు ఆరిపోయే లైనుకు మార్చాలి.

గుయ్యిమనే రోగం

పాట ఆపినా స్పీకర్లలో సన్నగా ‘గుయ్’. యాక్సిలరేటర్ తొక్కితే ఆ గుయ్‌మనడం పైస్థాయికి పోతుంది, వదిలితే దిగుతుంది. ఇది ఆల్టర్నేటర్ గొంతు. డెక్‌కు ఒక చోట ఎర్త్, ఆంప్‌కు ఇంకో చోట ఎర్త్ ఉండి, రెండింటి మధ్య చిన్న వోల్టేజీ తేడా ఉంటే, ఆ తేడా డెక్ నుంచి ఆంప్‌కు పాట మోసే ఆర్‌సీఏ తీగ తొడుగు గుండా పారి పాటలో కలుస్తుంది. అంటే మళ్లీ ఎర్త్ దగ్గరికే వచ్చాం.

కారులో ఈ గోల ఇవాళ్టిది కాదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడు వాళ్లకు ఎదురైన పెద్ద తలనొప్పుల్లో ఇంజిన్ స్పార్కుల గరగర ఒకటి. దాన్ని అణచడానికి ఇంజిన్ వైరింగ్‌కే అదనపు భాగాలు తగిలించాల్సి వచ్చేది.

పట్టుకునే పద్ధతి తేలిక. ఆంప్‌ను ఆపి, ఆర్‌సీఏ పిన్నులు పీకి, మళ్లీ ఆన్ చేయండి. గుయ్ పోతే తప్పు డెక్ వైపో, ఆర్‌సీఏ తీగదో. పోకపోతే ఆంప్ కరెంటు వైపు. పీకేటప్పుడు ఆంప్ ఆపమన్నది ఊరికే కాదు. నడుస్తుండగా ఆర్‌సీఏలు లాగితే వూఫర్ ‘ధడ్’మని కోన్ చిరిగే ప్రమాదముంది, కొన్ని డెక్‌లలో ఆర్‌సీఏ ఎర్త్ దారిలో ఉండే వెంట్రుకంత ఫ్యూజు కూడా పోతుంది. కరెంటు తీగ ఎడమ వైపు గడప కింద, ఆర్‌సీఏ కుడి వైపు గడప కింద పోవాలి. రెండింటినీ ఒకే కట్టగా చుట్టి దాచేసిన ఫిట్టింగు చూడటానికి నీటుగా ఉంటుంది, వినడానికే బాగుండదు. మార్కెట్లో ‘నాయిస్ ఫిల్టర్’ అని ఒక డబ్బీ అమ్ముతారు. గుయ్‌తో పాటు కాస్త బేస్‌ను కూడా మింగేసే మందు అది. ఎర్త్ సరిచేయకుండా దాన్ని తగిలించేవాళ్లను నేను నమ్మను.

ఎర్ర లైటు, తలకిందులు తీగ

ఆంప్ మీద ఎర్ర లైటు, అంటే ప్రొటెక్ట్, వెలిగితే ముందు వూఫర్ తీగలు పీకి చూడాలి. లైటు పోతే రోగం వూఫర్‌లోనో దాని తీగలోనో ఉంది. పోకపోతే ఆర్‌సీఏ కూడా పీకి చూడాలి. అప్పుడూ వెలుగుతుంటే, వోల్టేజీ కూడా సరిగ్గా ఉంటే, ఆంప్‌నే రిపేరుకివ్వాలి. వూఫర్‌ను మీటరుతో ఓం మీద పెడితే నాలుగు ఓంలది మూడు పైన, నాలుగు లోపు చూపిస్తుంది. సున్నా దగ్గరుంటే కాయిల్ షార్టు, అసలు చూపించకపోతే తెగింది. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా మెల్లగా లోపలికి నొక్కితే గరగర వినిపించకూడదు. కాలిన కాయిల్‌కు ముక్కే మీటరు.

రెండు కాయిళ్లున్న వూఫర్లతో ఇంకో తిరకాసు. నాలుగు ఓంల కాయిళ్లు రెండింటినీ ప్యారలల్‌గా కలిపితే రెండు ఓంలు, సిరీస్‌గా కలిపితే ఎనిమిది. రెండు ఛానెళ్లను ఒకటిగా కలిపిన, అంటే బ్రిడ్జ్ చేసిన, చాలా ఆంప్‌లు నాలుగు ఓంల కంటే తక్కువను మోయలేవు. రెండు ఓంలు తగిలిస్తే మొదట్లో బేస్ అదిరిపోతుంది, అందరూ మెచ్చుకుంటారు. పావుగంట అయ్యాక వేడెక్కి ఆగిపోతుంది. హైదరాబాద్ మే నెలలో ఎండలో ఆపిన కారులోకి దూరినవాళ్లెవరికైనా తెలుసు, అక్కడ అరవై డిగ్రీలు కొత్త కాదు. అందులో ఆంప్‌ను సీటు కింద కార్పెట్‌లో చుట్టి పెడితే తప్పు ఆంప్‌ది కాదు.

అన్నీ సరిగ్గా ఉండి, కోన్ బాగా ఊగుతున్నా బేస్ డొల్లగా ఉంటే ప్లస్ మైనస్‌లు తారుమారై ఉంటాయి. రెండు వూఫర్లలో ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, రెండూ కలిసి సున్నా. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీని వూఫర్ తీగలకు ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి ఉబుకుతుంది. ఒక్క వూఫరే ఉన్నప్పుడు కూడా ముందు స్పీకర్లతో దానికి ఇదే తగవు రావచ్చు. ఆంప్ మీది ఫేజ్ స్విచ్‌ను అటూ ఇటూ మార్చి, డ్రైవరు సీట్లో కూర్చుని వినండి. ఏ వైపు నిండుగా ఉంటే అదే సరైనది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు

కుర్రాడి ఆంప్ మీద గెయిన్ బిరడా చివరిదాకా తిప్పి ఉంది. బేస్ బూస్ట్ కూడా. డెక్‌లో లౌడ్‌నెస్ సరేసరి. ఎర్త్ బాగైన రోజునే ఆ వూఫర్ కాలిపోయే ఏర్పాటు కూడా సిద్ధంగా ఉందన్నమాట. ఆంప్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ అడిగితే శబ్దతరంగం తలా తోకా నరికినట్టు చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు కాయిల్‌కు కరెంటు ఎక్కువ చేరుతుంది, చల్లబడే అవకాశం తగ్గుతుంది.

గెయిన్ పని డెక్ ఇచ్చే సిగ్నల్‌ను ఆంప్‌కు సరిపెట్టడం. లెక్క ఇది: ఆంప్ అసలు వాట్లను వూఫర్ ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. నాలుగు ఓంల మీద 250 వాట్లయితే వెయ్యికి వర్గమూలం, సుమారు 31.6 వోల్టులు. వూఫర్ పీకేసి, బేస్ బూస్ట్ సున్నా చేసి, డెక్ వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, యాభై హెర్ట్జ్ టోన్ మోగిస్తూ, ఆంప్ అవుట్‌పుట్ మీద మీటరు ఏసీలో అంత చూపించేదాకా గెయిన్ తిప్పాలి. అక్కడ ఆగాలి. కొన్ని వందల రూపాయల మీటరు వేల రూపాయల వూఫర్‌ను కాపాడే చోటు ఇది. పై స్వరాలను ఆపే లో పాస్‌ను ఎనభై హెర్ట్జ్ దగ్గర పెడితే గాయకుడి గొంతు డిక్కీలోంచి వినిపించదు. యాభై హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, మన చిన్న కార్లేమో నాలుగు మీటర్ల లోపు. అంత పొడవు తరంగం ఎటు నుంచి వస్తోందో చెవికి తెలియదు. వూఫర్ వెనకున్నా తీన్‌మార్ ముందు నుంచి కొట్టినట్టే ఉండటానికి కారణం అదే.

డబ్బా గురించి ఒక్క మాట. వూఫర్ కాగితం మీద ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కొన్ని అంకెలుంటాయి. ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ చేసిన పని ఫలితం అది. ఏ వూఫర్‌కు ఎన్ని లీటర్ల డబ్బా, ఎంత గొట్టం కావాలో ఆ అంకెలే చెబుతాయి. వడ్రంగి మిగిలిన ప్లైవుడ్‌ను బట్టి డబ్బా కొలత నిర్ణయిస్తే కంపెనీ ఏం చేస్తుంది? మూసిన డబ్బాలో బేస్ నీరసంగా ఉంటే, పాట పెట్టి అతుకుల వెంట, తీగ దూరిన రంధ్రం దగ్గర అగరుబత్తి తిప్పండి. పొగ ఊగిన చోట గాలి కారుతోంది.

కొత్త కార్ల వాళ్లకు ఇంకో జాగ్రత్త. స్టార్ట్-స్టాప్, స్మార్ట్ హైబ్రిడ్ బండ్లలో బ్యాటరీ మైనస్ మీద కరెంటును కొలిచే సెన్సరు ఉంటుంది. కొందరు అతి జాగ్రత్తకు పోయి ఆంప్ ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ మైనస్ బిరడాకే కట్టేస్తారు. సెన్సరుకు ఆ కరెంటు కనపడదు, బండి లెక్క తప్పుతుంది. అక్కడ బాడీయే దారి. కంపెనీ తీగలను కోసి అతికితే వారంటీ గొడవ వస్తుంది కాబట్టి, ఆ మోడల్‌కు తగిన కప్లర్ కొనడమే తెలివి.

గోడ దాటే శబ్దం

సెట్టు బాగైతే కొత్త తగవు మొదలవుతుంది, ఈసారి పక్కింటివాళ్లతో. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి మీదుగా పోయేవాళ్లు బిరడా తగ్గించాల్సింది అందుకే. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నగర పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. అది డీజే బండ్ల సంగతి. కారు డిక్కీకి వర్తించేది పై హద్దులే.

ఆ హద్దుల్లో ఒక చిక్కు ఉంది. కొలిచేది మనిషి చెవికి సరిపెట్టిన ‘ఎ’ తూకంతో. ఆ తూకంలో యాభై హెర్ట్జ్ శబ్దానికి ముప్పై డెసిబెల్స్ తగ్గింపు ఉంటుంది. గొంతులు, హారన్లు గోడ దగ్గర ఆగుతాయి, బేస్ గోడ దాటుతుంది. కిటికీ అద్దం వణికినంతగా మీటరు వణకదు. నిద్రలేని పక్కింటి పెద్దాయన చెప్పేదీ నిజమే, మీటరు చెప్పేదీ నిజమే. పంచాయితీ తెగదు.

చివరికి మిగిలేది

ఎర్త్ బాగై, గెయిన్ దిగి, స్విఫ్ట్ సరిగ్గా పాడటం మొదలెట్టిన అయిదు నిమిషాలకే కుర్రాడి ముఖం మళ్లీ మారింది. “ఉస్తాద్, వూఫర్ పగిలినట్టు కొడ్తున్నది.”

ఉస్తాద్ లేవకుండానే చెప్పాడు. “వూఫర్ కాదు తమ్మీ. నంబర్ ప్లేట్ పట్టుకో.”

పట్టుకుంటే చప్పుడు ఆగింది. ఇన్నాళ్లూ బేస్ లేక బయటపడని రేకులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే పాడతాయి. నంబర్ ప్లేటు వెనక ఫోమ్ టేపు ముక్కలు రెండు, డిక్కీ డోరు రబ్బరు బుష్షులు అర మర పైకి, వెనక సీటు బెల్టు బకిళ్లకు గుడ్డ తొడుగు, పార్సిల్ ట్రే అంచుకు ఫెల్టు. అప్పటికీ ఆగకపోతే డిక్కీ రేకు లోపల తారు లాంటి బ్యూటైల్ షీటు అతికించాలి. మొత్తం రేకు కప్పాల్సిన పని లేదు, వేలితో కొడితే ‘టంగ్’మనే చోట మధ్యలో అతికిస్తే సరిపోతుంది. షీటు ఇవాళే వేయించుకోనా, తీగ మార్చే రోజు వేయించుకోనా అని కుర్రాడు అడిగాడు. తీగ రోజే అన్నాడు ఉస్తాద్. ఎలాగూ ఆ రోజు కార్పెట్ అంతా విప్పాల్సిందే కదా.